బొంతకుట్టు విద్య – ఒక పరిశీలన

తెలుగునాట బొంత అన్న మాట ఎరుగనివారుండరు. కాని ఆ మాట వినగానే మన మనస్సులో మెదిలేది కళ కాదు, లేమి. చినిగిన చీరలు, వెలిసిన ధోవతులు, నీరుకారిన లుంగీలు పొరలు పొరలుగా పరచి కుట్టినది బొంత. కొన్న చెద్దరు కప్పుకొనేవాడు కలవాడనీ, బొంత కప్పుకొనేవాడు లేనివాడనీ మనం చిన్ననాటినుండి అనుకొంటూ వచ్చాము. ఈ భావం ఎంతవరకు సరియైనదో, ఈ విద్యలో చదువుకొన్నవారు నేర్వదగినది ఏమున్నదో, మన ఖిలా వరంగల్ పరిసరాలలో దీనికి కావలసిన సామగ్రి ఎంతగా అమరి ఉన్నదో విచారించడమే ఈ వ్యాసోద్దేశం.

ముందుగా మాటల సంగతి. సంస్కృతంలో దీనిని 'కంథ' అన్నారు. వంగదేశంలో నేటికీ అదే మాట 'కాంథా'గా నిలిచి ఉన్నది. ఉర్దూలో 'గుదడీ'. ఫకీరు భుజాన ఉన్నా యోగి భుజాన ఉన్నా అది అతుకుల బట్టయే. సూఫీలు అతుకుల అంగీని 'మురఖ్ఖా' అన్నారు. మొగలు పాదుషాలు ఏర్చి కూర్చిన చిత్రాల సంపుటాలకు కూడా అదే పేరు కలదు. అనగా, వేరువేరు చోట్లనుండి వచ్చిన తునకలను ఒక్క అందంగా కూర్చే పని పాదుషా గ్రంథాలయంలో జరిగినా, పల్లెటూరి అరుగుమీద జరిగినా ఒకే మాటతో చెప్పదగినదని భాషయే ఒప్పుకొన్నదన్నమాట.

బొంత వేరు, రజాయి వేరు. ఈ భేదం చాలామందికి తెలియదు. బొంతలో దూది ఉండదు. బట్టమీద బట్ట పరచి కుట్టినదే బొంత. రజాయి లేక లిహాఫు అనేది రెండు పొరల బట్ట నడుమ ఏకిన దూది నింపి కుట్టినది. ఒంటిమనిషి రజాయికి సుమారు రెండు కిలోల దూది కావలెను. ఆ దూది ఒక మూలకు జారిపోకుండా దూరదూరంగా వేసే కుట్టును ఉర్దూలో 'నిగందే' అంటారు. బొంతకుట్టు అట్లు కాదు. దానిలో సూది గుడ్డలో మునిగి తేలుతూ దగ్గరదగ్గరగా సాగిపోతుంది. కుట్టు ఎంత దగ్గరగా ఉంటే బొంత అంత గట్టిగా ఉంటుంది. నాలుగు జీర్ణవస్త్రాలు కలిసి ఒక్క దిటవైన వస్త్రమవుతాయి. వెచ్చదనానికి కారణం బట్ట మందం మాత్రమే కాదు. పొరల నడుమ చిక్కుకొని కదలని గాలియే చలిని ఆపుతుంది. భౌతికశాస్త్ర విద్యార్థులు దీనిని సులభంగానే గ్రహింపగలరు.

కుట్టే పద్ధతి ఇది. నేలమీద మేలైన చీరను తలక్రిందుగా పరుస్తారు. దానిపైన పాతబట్టలను చినుగులు ఒకదానిమీద ఒకటి రాకుండా సవరించి వేస్తారు. ఈ సవరణలోనే అనుభవమంతా ఉన్నది. ఒక బట్ట బలహీనంగా ఉన్నచోట మరొక బట్ట బలంగా ఉండవలెను. పైన మరల మంచి చీర. నాలుగు మూలలా రాళ్లు పెట్టి, ముడతలు చేతితో నిమిరి, ముందు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసి పొరలను పట్టి ఉంచుతారు. తరువాత అంచునుండి ఆరంభించి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. చదరంలో చదరం, దానిలో మరొక చదరం. నడుమనుండి అంచుకు పోయే పద్ధతి కూడా ఉన్నది. దానిలో ముడతలు బయటకు జరిగిపోతాయి కనుక కొత్తగా నేర్చుకొనేవారికి అదే మేలు. దారం కొనడం కూడా అరుదే. పాతచీర అంచునుండి లాగిన నూలును పేని వాడుకొనేవారు. ఈ పనిని ఎవరూ బడిలో నేర్పలేదు. మధ్యాహ్నం పనులు ముగిసిన తరువాత నలుగురు స్త్రీలు నాలుగు వైపుల కూర్చుండి, మాటలలో పడి కుట్టుకొంటూ పోయేవారు. ఒకే బొంతలో నాలుగు చేతుల కుట్టు వేరువేరుగా గుర్తుపట్టవచ్చును.

ఇక దూది మాట. రజాయికి దూది ఏకేవారు దూదేకులవారు. తెలుగు మాతృభాషగా గల ముస్లిములలో వీరు ముఖ్యులు. వారి పనిముట్టు ధనువు, ఉర్దూలో 'ధునకీ'. మనిషి పొడవు కొయ్యకు తంత్రి బిగించి, ఆ తంత్రిని దూదిలో ఉంచి, రెండు చివరల లావై నడుమ సన్నమైన కొయ్యముక్కతో కొడతారు. తంత్రి అదరినప్పుడు చిక్కుబడిన పోగులు విడివడి పైకి లేస్తాయి, మట్టీ గింజముక్కలూ క్రింద రాలిపోతాయి. ఆ తంత్రి మ్రోత వినబడగానే వీధిలో ఇల్లాండ్రు పాత పరుపులూ మెత్తలూ బయటికి తెచ్చేవారు. ఏళ్లతరబడి వాడి గడ్డకట్టిన దూదిని మరల ఏకితే అది కొత్తదానివలెనే పొంగుతుంది. కొంత తూకం మాత్రం పొల్లు పోతుంది. పారవేయడమన్నది లేని వృత్తి ఇది. పొట్టిపోగు గల దేశవాళీ పత్తి ఈ పనికి శ్రేష్ఠం. నొక్కినా తిరిగి లేచే గుణం దానికి ఎక్కువ. మరనేతకు పొడుగుపోగు కావలెను గనుక దేశవాళీ విత్తనం వెనుకబడింది. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి లభించిన పిమ్మట అది మన పొలాలలో మరింత అరుదయింది. ఎనుమాముల మార్కెట్ యార్డుకు పత్తి కొండలుగా వస్తున్నది, కాని రజాయికి నప్పే దూది వెదకుకొనవలసి వస్తున్నది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. అరబ్బీలో దూది ఏకేవానికి 'హల్లాజ్' అని పేరు. క్రీ.శ. 922లో బాగ్దాదులో ప్రాణమర్పించిన మహాసూఫీ హుసేన్ బిన్ మన్సూర్‌కు లోకం ఆ వృత్తినామాన్నే కట్టబెట్టింది. ఉత్తరదేశపు దూదేకులవారు ఆయన పేరుమీదుగానే 'మన్సూరీ' అని చెప్పుకొంటారు. 'నద్దాఫ్' అన్నా అదే అర్థం. మనవైపు 'లద్దాఫ్' అయింది. 'పింజారి' అన్న మాటకు మూలం దూదిపింజ. తెలుగుదేశంలో పోతులూరి వీరబ్రహ్మంగారి ప్రియశిష్యుడు సిద్ధయ్య దూదేకుల కులంలో పుట్టినవాడే. ఇంతటి పరంపర గల వృత్తినామాన్ని మన వీధులలో తిట్టుగా వాడుతున్నారు. కోపం వస్తే 'పింజారీ' అనడం పాఠశాల పిల్లలకు కూడా అలవాటైపోయింది. తిట్టేవారు తెలుగువారు, ఉర్దూవారు అన్న భేదం లేదు. పైగా ఉర్దూ ధారాళంగా రాదన్న కారణాన దూదేకుల విద్యార్థిని ఇటువారు తమవాడు కాదన్నట్లు, పేరును బట్టి అటువారు తమవాడు కాదన్నట్లు చూడడం మేము కళాశాలలలో గమనించినదే. ఉభయ తెలుగు రాష్ట్రాల వెనుకబడిన తరగతుల జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అనే పేర్లు 'బి' వర్గంలో ఒక్కచోటనే నమోదై ఉన్నవి. దరఖాస్తు కాగితంమీద ఆ పేరు వ్రాయడానికి జంకే విద్యార్థి ఆ మాటకు అర్థమేమిటో ఒకసారి తెలిసికొనవలెను.

బొంత పేదవారిది కావచ్చును, కాని దానికి పైబట్టగా నిలువగల వస్త్రాలు మన దేశానికి ప్రపంచఖ్యాతి తెచ్చినవి. కాకతీయుల కాలంలో మోటుపల్లి రేవును చూచిన మార్కోపోలో ఇక్కడి సన్నబట్టలను సాలెగూటితో పోల్చాడు. ఆ రేవుకు వచ్చే వర్తకులకు అభయమిస్తూ గణపతిదేవుడు 1244లో శాసనం వేయించాడు. తరువాత గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం ప్రధానమైన రేవు. 1611లో ఆంగ్లేయులు అక్కడ వర్తకశాల నెలకొల్పారు. అక్కడినుండి ఓడలకెక్కిన సరకులలో అద్దకపు పడకదుప్పట్లు ముఖ్యమైనవి. మన 'పలంగ్‌పోష్' వారి నోట 'పలంపోర్' అయింది. మన ఛీంట్, అనగా చీటిగుడ్డ, 'చింట్జ్' అయింది. చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం, పటికతోనూ కరక్కాయతోనూ రంగును బట్టకు పట్టించే నేర్పు – ఉతికినా వెలవని ఈ రంగులను చూచి ఐరోపా స్త్రీలు ఎంత మోజుపడ్డారంటే, అక్కడి నేతగాళ్లు గోల చేయగా ఫ్రాన్సు 1686లో అద్దకపు బట్టలను నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో అంతకంటె కఠినమైన మరొక చట్టం చేసింది. దొరకని బట్టకు విలువ పెరుగుతుంది. ఉన్న చీటిగుడ్డలోని పువ్వులను, పక్షులను కత్తిరించి తెల్లబట్టపై అతికి కుట్టుకొన్నారు. నేడు పడమటి దేశాలలో గొప్ప కళగా ప్రదర్శింపబడే అతుకుల దుప్పటికి ఆదిలో తునక అందించినది తెలుగు తీరమేనంటే అతిశయోక్తి కాదు.

సముద్రతీరం వదలి మన ఊరికి వద్దాం. వరంగల్లు తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనలో నిలిచాయి. తివాచీ పని క్షీణించిన తరువాత నిలిచినది జంపఖానా, లేక దరీ. కొత్తవాడ మగ్గాలమీద నేసే వరంగల్లు దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. దరీలో నిలువుపోగు కనబడదు. అడ్డపోగే దానిని పూర్తిగా కప్పివేస్తుంది. అందుచేత రెండువైపుల ఒకే విధంగా ఉండి తిరగవేసి పరచుకొనే వీలున్నది. 1934లో ఏడవ నిజాము కాలంలో స్థాపితమైన ఆజంజాహీ మిల్లు కూడా ఈ నగరపు వస్త్రచరిత్రలో ఒక అధ్యాయం. అది మూతపడి చాలా కాలమైంది. దానిని గురించి వేరుగా వ్రాయవలసినంత విషయమున్నది కనుక ఇక్కడ పొడిగించము.

బొంతకు ఏ బట్ట తగును? అంగడి పెట్టదలచినవారు మొదట తెలిసికొనవలసినది ఇదే. నూలుబట్టనూ పాలియెస్టరునూ ఒక్క బొంతలో కలుపరాదు. ఉతికినప్పుడు నూలు కుంచించుకొంటుంది, పాలియెస్టరు కుంచించుకొనదు. అతుకుల దగ్గర ముడతలు పడతాయి. కొత్త బట్టనైతే కత్తిరించకముందే ఉతికి ఆరవేయవలెను. ముదురు ఎరుపును తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూడవలెను. రంగు దిగినచో దానిని లేతరంగు ప్రక్కన వేయరాదు. నారాయణపేట గళ్లబట్ట కొత్తవారికి మిక్కిలి అనుకూలం, గడియే కుట్టుకు గీతగా పనికివస్తుంది. పోచంపల్లి ఇక్కత్తులో పూవు అంచు కొంచెం చెదరినట్లుండడమే అందం. దానిని చిన్న తునకలుగా కోస్తే ఆ అందం పోతుంది గనుక పెద్ద ముక్కలుగానే వాడవలెను. తేలియా రుమాలు పుట్టుకతోనే చదరం. దానిని కోయనే రాదు, బొంత నడుమ నిలపవలెను. దరీ బట్ట బొంతకు బరువు. సంచి అడుగుకు, ఆసనానికి దివ్యంగా పనికివస్తుంది. దర్జీల దుకాణాలలో రోజూ ఊడ్చిపారవేసే పేలికలలో నాలుగు అంగుళాల చదరం వచ్చే ముక్కలు ఎన్నో ఉంటాయి. అడిగితే ఊరకే ఇచ్చేవారున్నారు.

మష్రూ అనే బట్టను కూడా ఇక్కడ పేర్కొనవలెను. దాని పైభాగం పట్టు, ఒంటికి తగిలే భాగం నూలు. పురుషుల మేనికి పట్టు తగలరాదన్న ధర్మాన్ని పాటిస్తూనే పట్టు సొగసు అనుభవింపజేసే నేత కనుక 'మష్రూ', అనగా ధర్మసమ్మతమైనది, అని పేరు. ఈ మష్రూను, హిమ్రూను మరల మగ్గమెక్కించినవారు హైదరాబాదుకు చెందిన సురయ్యా హసన్ బోసుగారు. 1928లో జన్మించి 2021లో దివంగతులైన ఈ విదుషీమణి స్వాతంత్ర్యయోధుడు ఆబిద్ హసన్ సఫ్రానీ గారి సోదరుని కుమార్తె. ఆమె తన నేతశాలలో వితంతువులకు మగ్గం నేర్పింది, ప్రక్కనే పిల్లలకు పాఠశాల నడిపించింది. పాత నమూనాను చూచి, దాని లెక్క గ్రహించి, నేటి కొనుగోలుదారుకు పనికివచ్చే రంగులలో నేయించడం ఆమె పద్ధతి. రూపకర్త అనే మాటకు మాకు తెలిసిన మంచి నిర్వచనం ఇదే.

బొంతలు కుట్టిన స్త్రీలకు ఇట్టి పేరు రాలేదు. పేరు రావడం అసాధ్యమా? వంగకవి జసీముద్దీన్ 1929లోనే 'నక్షీ కాంథార్ మాఠ్' అనే కావ్యానికి పల్లెపడుచు కుట్టిన బొంతను కేంద్రంగా చేసికొన్నాడు. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలు తమ 'కవుది' మూలలలో త్రికోణపు తునకలు కుట్టి వానిని పువ్వులంటారు. పువ్వు లేని కవుది బట్టలు లేని మనిషివంటిదని వారి నమ్మకం. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే మారుమూల పల్లెలో నల్లజాతి స్త్రీలు మాసి చినిగిన పనిబట్టలతో చలికి దుప్పట్లు కుట్టుకొన్నారు. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు సహకార సంఘంగా ఏర్పడ్డారు. 2002లో ఆ దుప్పట్లు హ్యూస్టన్ నగరపు కళాప్రదర్శనశాల గోడలకెక్కాయి. 2006లో వానిపై తపాలాబిళ్లలు వెలువడ్డాయి. వారు ఏ కళాశాలలోనూ చదువుకొన్నవారు కారు. వారి బట్ట మన బొంతబట్టకంటె మేలైనదీ కాదు. తేడా ఒక్కటే. అక్కడ ప్రతి దుప్పటి ప్రక్కన కుట్టినామె పేరు వ్రాసిపెట్టారు.

మన కోటలోని బొంతలకు పేరు లేదు, కొలత లేదు, వెల లేదు. చలికాలపు ఉదయాలలో రాతికోట లోపలి ఇండ్లముందు మంచాలపై ఆరవేసిన బొంతలు చూచేవారికి కనబడతాయి. కుట్టగలిగిన వృద్ధస్త్రీలు మాత్రం ఏటేటా తగ్గుతున్నారు. ఇంటింటా పాలియెస్టరు బ్లాంకెట్లు వచ్చాయి. సోలాపూరులో స్థిరపడిన మన తెలుగు పద్మశాలీలు నేసే చెద్దర్లే ఆ పోటీకి తట్టుకొనలేక ఇబ్బంది పడుతుండగా చేతిబొంత ఎట్లు నిలుస్తుందని ఎవరైనా అడుగవచ్చును. చవకలో అది ఎన్నటికీ నిలువదు. అది నిలువగలిగినది పనితనంలోనూ, నమూనాలోనూ మాత్రమే. ఇంటర్మీడియట్‌తో చదువు ఆగిపోయి, ఇల్లు కదలకుండా ఏదైనా సంపాదన ఉంటే బాగుండునని కోరే ఆడపిల్లలు మన వాడలలో ఎందరో ఉన్నారు. కళాశాల కమిటీవారు వారానికి రెండు మధ్యాహ్నాలు ఒక గది ఇచ్చి, బొంత కుట్టగల ఇద్దరు వృద్ధస్త్రీలను గౌరవవేతనంతో పిలిపించినచో ఆరంభానికి అది చాలునని మా మనవి. కుట్టుమిషను తరగతులకంటె దీనికి ఖర్చు తక్కువ.

లెక్క కష్టమైనది కాదు. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు గల బొంతకు ఆరంగుళాల చదరాలు వెడల్పున 10, పొడవున 15, మొత్తం 150 కావలెను. అతుకులో అన్నివైపుల పావంగుళం లోపలికి పోతుంది కనుక ఆరున్నర అంగుళాలకు కత్తిరించవలెను. 44 అంగుళాల పన్నాలో వరుసకు 6 వస్తాయి. 25 వరుసలకు నాలుగుంబావు మీటర్ల బట్ట సరిపోతుంది. కుట్టేటప్పుడు చదరాలను ముందు వరుసలుగా కలిపి, పిదప వరుసకు వరుస కలుపవలెను. ఒక్కొక్క చదరం చుట్టూ అతుకుతూ పోతే మూలలు కుదరవు. మొదటి పనిగా 30 అంగుళాల చదరపు పసిబిడ్డ బొంత కుట్టడం మంచిది, ఇరవైఐదు చదరాలతో ముగుస్తుంది. దానికి పాతచీరయే శ్రేష్ఠం, ఎన్నో ఉతుకులు పడిన నూలు పసిమేనికి గుచ్చుకొనదు. అంగట్లో అమ్మదగిన ఇతర వస్తువులు మిహ్రాబు ఆకృతి గల జానమాజు, ఖురాను షరీఫును చుట్టి ఉంచే జుజ్‌దాను, దరీ అడుగు గల పుస్తకాల సంచి, గలీబులు. రంజాను మాసానికి రెండు నెలల ముందే జానమాజులు సిద్ధపరచుకొంటే అమ్మకానికి లోటుండదు.

నేర్పు కుదిరిన తరువాత చేయదగిన పెద్ద పని ఒకటి మా ఊహలో ఉన్నది. దానిని కోటబొంత అనవచ్చును. మన కోట కట్టడమే బొంతకుట్టు వంటిది. నడుమ నాలుగు కీర్తితోరణాలు, వానిని చుట్టి రాతిగోడ, దానిని చుట్టి కందకం, ఆ వెలుపల మట్టికోట. తోరణాలపై ఉన్నవి హంసలు, తామరమొగ్గలు, తీగలు. కనుక ఏ మతంవారి ఇంటనైనా నిరాక్షేపంగా పరచుకొనదగినవి. 2014లో తెలంగాణ ప్రభుత్వ చిహ్నంలో చార్మినారుతోపాటు నిలిచినది ఈ తోరణమే. బొంత నడుమ 20 అంగుళాల చదరంగా తేలియా రుమాలువంటి బట్ట ఉంచవలెను. రుమాలు పెద్దదైతే కోయక మడిచి కుట్టవచ్చును. నాలుగువైపుల 20కి 10 అంగుళాల పట్టీలపై తోరణపు ఆకృతి కత్తిరించి అతకవలెను. మూలలలో పదేసి అంగుళాల చదరాలు నాలుగు పెడితే 40 అంగుళాల చదరమవుతుంది. దానిచుట్టూ రాతిగోడగా బూడిదరంగు నాలుగంగుళాల చదరాలు 44. రెండంగుళాల నీలిపట్టీ కందకం. నాలుగంగుళాల ఇటుకరంగు పట్టీ మట్టికోట. ఇంతటితో 60 అంగుళాల చదరం పూర్తి. తలవైపు, కాళ్లవైపు పదిహేనేసి అంగుళాల నారాయణపేట గళ్లబట్ట చేర్చినచో మంచానికి సరిపోతుంది. అడుగున పాతచీర పొరలు రెండు చాలును. కుట్టు నడుమనుండి చుట్లు చుట్లుగా బయటికి పోవలెను. మట్టికోట పట్టీమీద కుడివైపు క్రింది మూలన కుట్టినవారందరి పేర్లూ తెల్లదారంతో తెలుగులోనూ ఉర్దూలోనూ కుట్టవలెను. దూది ఏకినవాని పేరు అవసరం లేదు, ఇది రజాయి కాదు కదా అని ఎవరైనా అనవచ్చును. అట్లైతే ఆ మంచానికే ఒక మెత్త కూడా కుట్టి, దానిమీద ఆయన పేరు కుట్టవచ్చును.